పళ్ళిపట్టు నుంచి పిల్లనడగబోయాం

తర్శిని అనే అమ్మాయి తిరువళ్ళూరు జిల్లాలో పుట్టింది. ఈ జిల్లా బళ్ళోనే చదివింది, ఈ జిల్లా ఫ్యాక్టరీలోనే పని చేస్తోంది. ఇరవై నాలుగేళ్ళుగా ఇక్కడి నీళ్ళే తాగుతోంది. అయినా ఆమెకు దేశం లేదు. అమ్మమ్మ పుట్టిన దేశం ఆమె మొహం ఎరగదు. తాను పుట్టిన దేశం ఆమెను శరణార్థి అంటుంది. పుట్టిన చోటు విడిచి ఎక్కడికీ పోని మనిషి శరణార్థి ఎలా అవుతుంది? ఇది అన్యాయం. ఇంతకన్నా మెత్తటి మాట నా దగ్గర లేదు.

ఆ అమ్మాయిని నా మనవడు మురళి పెళ్ళి చేసుకుంటానన్నాడు. ఇద్దరికీ గుమ్మిడిపూండి వైపు ఒకే ఫ్యాక్టరీలో పని. పిల్ల అమ్మమ్మ సిలోన్ నుంచి పడవెక్కి వచ్చిన మనిషి. పిల్లకి తల్లీ తండ్రీ లేరు, ఇక్కడి శరణార్థుల శిబిరంలో ఆ అమ్మమ్మే పెంచింది. "మా అమ్మమ్మ నోటితో సరే అంటేనే పెళ్ళి, లేకుంటే లేదు" అని పిల్ల ఖండితంగా చెప్పేసింది. మురళి రెండుసార్లు వెళ్ళి అడిగాడు. పెద్దావిడ రెండుసార్లూ టీ ఇచ్చి పంపించింది గానీ మాటివ్వలేదు.

మా ఇళ్ళల్లో పిల్లనడగడానికి ముందుగా తల్లిదండ్రులు వెళ్ళరు. ఇంటి పెద్ద ఒకడు, మేనమామ వరసవాడు ఒకడు వెళ్ళాలి. అందుకని నేనూ, నా బావమరిది వెంకటేశూ, తమిళ గడ్డ మీదే తెలుగు మాట్లాడుకునే మా పళ్ళిపట్టులో బస్సెక్కాం. శరణార్థుల శిబిరాన్ని పేపర్లో తప్ప చూడనివాళ్ళ కోసం ఈ ప్రయాణం సంగతులు రాస్తున్నాను. మొన్నమొన్నటిదాకా నేనూ ఆ కోవలోవాణ్ణే.

తిరుత్తణి

బస్సులో సగం మనుషులు, సగం లుంగీల మూటలు. మా వైపు మరమగ్గాలెక్కువ. నా కాళ్ళ మీద ఒక మూట, వెంకటేశు ఒళ్ళో ఒక మూట. ఎవరివో మేం అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. మా దారిలో అది మామూలే.

"ఏం బావా, సిలోన్ వాళ్ళకీ మనకీ వియ్యం కుదురుతాదా? వాళ్ళు చేపలు తింటారంటనే."

"నువ్వు తినవా?"

"నేను ఆదివారం తింటా. వాళ్ళు దినామూ తింటారంట."

కొండ కింద పూలకొట్ల దగ్గర దిగాం. గుండుకి చందనం రాసుకున్న పిల్లలు ఐస్ పుల్లలు చీకుతూ తిరుగుతున్నారు. మూర మల్లెలు మా పళ్ళిపట్టులో ఇరవై రూపాయలైతే ఇక్కడ ముప్ఫై అంది పూలామె. నేను ఊరుకుంటానా? సుబ్రహ్మణ్యస్వామి పేరు చెప్పి జనాన్ని దోచుకుంటున్నారని అందుకున్నాను. ఆమె చెయ్యి ఆపకుండా పూలు కడుతూనే ఉంది.

"అయిందా పెద్దాయనా? కొండకి పోతాండావా, పెళ్ళికి పోతాండావా?"

"పిల్లనడగను."

"యాడ?"

"సిలోన్ వాళ్ళ క్యాంపులో."

ఆమె చెయ్యి ఆగింది. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. తరవాత ఇంకో మూర కలిపి కట్టి అరిటాకులో చుట్టింది. "దీనికి దుడ్డు వద్దు. మా ఆయన గూడా నా ఊరూ పేరూ అడక్కుండానే చేసుకున్నాడు. మంచి మారాజు. తాగుతాడు గానీ."

ఆ అరిటాకు పొట్లం పుచ్చుకుని నడుస్తుంటే నాకు కాస్త సిగ్గేసింది, పది రూపాయలకి దేవుణ్ణి లాగినందుకు.

తమలపాకులు, వక్క, పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, ఒక హస్తం అరటిపళ్ళు కొని తాంబూలం పళ్ళెం తయారు చేసుకుని తిరువళ్ళూరు రైలెక్కాం. ఎక్కీ ఎక్కగానే వెంకటేశు అరటిపళ్ళ మీద కూర్చున్నాడు. ఎదురు సీట్లో ఒకామె పగలబడి నవ్వింది. పేరు మేరీ. పట్టాభిరామ్‌లో ఇల్లు, ఆవడిలో ఆఫీసు ఊడ్చే పని. మా మాట విని తెలుగులోకి దిగింది.

"పెద్దాయనా, ఆ అన్న పంచె అట్టనే పళ్ళెంలో పెట్టుకోని పో. పండూ వస్త్రమూ రెండూ ఇచ్చినట్టుంటాది."

నవ్వుతూనే తన టిఫిన్ క్యారియర్ మీది గుడ్డ విప్పి నాలుగు పళ్ళు బాగున్నవి ఏరి మూట కట్టిచ్చింది. మాటల్లో వాళ్ళ తమ్ముడి సంగతి వచ్చింది. గల్ఫ్‌లో ఒకరింట్లో కారు తోలుతాడట.

"పైన రాకెట్లు పోతాంటే వాడు కింద కారు తుడుస్తాంటాడంట. భయం లేదారా అంటే, 'అక్కా, అది మనకేసేది కాదు, ఎవురికో ఏసేది' అంటాడు. ఎవురికో ఏసింది ఎవుడి మీద పడతాదో యేసయ్యకే ఎరుక."

పేపర్లలో పేజీలకు పేజీలు రాసే యుద్ధ నిపుణులు ఈ ఒక్క ముక్క రాయగా నేను చూడలేదు.

తిరువళ్ళూరు

ఆ రాత్రికి తిరువళ్ళూరులోనే ఆగాం. సాయంత్రం బస్టాండు పక్క టీకొట్లో కూర్చుని పేపరు తిరగేశాను. నేను మూడో తరగతిదాకా తమిళంలో చదివాను. తెలుగు అక్షరాలు ఎవరూ నేర్పలేదు. చిత్తూరు నుంచి శెట్టి కొట్టుకి పాత పేపర్లు వచ్చేవి. ఆ పొట్లాలు విప్పి, శనక్కాయలు తినేసి, కాగితం కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకున్నాను. అందువల్ల చాలా సంగతులు నాకు సగమే తెలుసు. మిగతా సగం వేరే ఎవరి పొట్లంగానో పోయేది. కానీ తెలిసిన సగం మరిచిపోలేదు. సిలోన్‌లో ఇళ్ళు తగలబెట్టిన వార్త వచ్చిన కాగితం ఇప్పటికీ కళ్ళకు కడుతుంది, దాని మీది నూనె మరకతో సహా.

పక్కన కూర్చున్న రిటైరైన రైల్వే ఆయన ఊరికే ఉండలేక "ఏముంది పేపర్లో?" అన్నాడు. అడగడమే ఆలస్యం, నేను అందుకున్నాను.

సిలోన్ దీవి పటంలో మామిడి పిందంత. దాని తూర్పున తిరుకోణమలై దగ్గర సముద్రం లోపలికి చొచ్చుకొచ్చి లోతైన రేవయింది. ఆ రేవు కోసం తెల్లదొరలు ఒకరి తరవాత ఒకరు కొట్టుకున్నారు. దొరలు పోయారు, కన్ను మాత్రం పోలేదు. ఎవరి ఓడ అక్కడ ఆగాలి, ఎవరి చమురు అక్కడ నిలవుండాలి అని పెద్ద దేశాలు బేరాలాడుతూనే ఉన్నాయి. ఇంట్లోవాళ్ళు కొట్టుకుంటుంటే ఒకరు తుపాకులమ్మారు, ఒకరు సలహాలమ్మారు, ఒకరు అప్పులిచ్చి దక్షిణాన ఇంకో రేవు చేతిలో పెట్టుకున్నారు. మొన్నామధ్య బియ్యం లేక, పెట్రోలు లేక జనం అధ్యక్షుడి మేడలోకి దూరారు. అందరూ ఆ వీడియో చూసి నవ్వుకున్నారు. ఆకలేసినవాడు మేడ ఎందుకెక్కాడని ఒక్కడూ అడగలేదు.

ఆయన టీ చల్లారిపోయింది. "నీకెందుకయ్యా ఈ వయసులో ప్రపంచం గొడవ?" అన్నాడు.

"మా మనవడి పెళ్ళి ఆగిపోయింది గదా స్వామీ" అన్నాను.

ఆయన ఏమనుకున్నాడో గానీ మా ఇద్దరి టీకీ తనే డబ్బులిచ్చి వెళ్ళాడు.

పెరియపాళయం దాటి

మర్నాడు పొద్దున బస్సు. పెరియపాళయంలో అమ్మవారి గుడికి వచ్చినవాళ్ళు ఒంటినిండా వేపాకు చుట్టుకుని ప్రదక్షిణ చేస్తున్నారు. మా వైపు వేపాకు గుమ్మానికి కడతాం, ఇక్కడ మనిషికే కడతారు. ఆరణి ఏరు వట్టి ఇసుక. అక్కణ్ణుంచి ఇంకో బస్సు మారి, ఎండ మాడు మీదికొచ్చేసరికి శిబిరం చేరాం.

నేను డేరాలుంటాయనుకున్నాను. లేవు. వరసగా చిన్న చిన్న ఇళ్ళు, ఒకదాని గోడ ఇంకోదానికీ గోడే. ప్రతి గడప ముందూ ముగ్గు. పెయింటు డబ్బాల్లో తులసి, మిరప మొక్కలు. ఇక్కడి మగవాళ్ళలో చాలామందికి రంగులేసే పని. ఊళ్ళో ఎవరి మేడకో వేయగా మిగిలిన రంగులు వీళ్ళ తలుపులకు. ఒక తలుపు గులాబీ, ఒకటి ఆకుపచ్చ, ఒకటి సగం నీలం.

సగం నీలం తలుపు తర్శిని అమ్మమ్మ పరమేశ్వరమ్మది. సన్నగా, నిటారుగా ఉంటుంది. ఆమె మాట్లాడింది వాళ్ళ ఊరి తమిళం, నేను తెలుగులో రాస్తున్నాను. "ఓం, ఓం, రండి ఐయా" అంది. వెంకటేశు నా చెవిలో "పూజలో ఉండాదేమో బావా, తరవాత వస్తామా?" అన్నాడు. లోపల్నుంచి తర్శిని నవ్వింది. వాళ్ళ తమిళంలో అవునంటే ఓం అంటారట. ఇంకో సంగతి, ఈ చుట్టుపక్కల తమిళులు పాట్టి అనీ ఆయా అనీ అంటారు గానీ వీళ్ళు అమ్మమ్మని మనలాగే అమ్మమ్మ అంటారు. అది విన్నాక నాకు సగం వియ్యం కలిసిపోయినట్టే అనిపించింది.

పాలు లేని టీ, పక్కన తాటిబెల్లం ముక్క. బెల్లం కొరికి టీ తాగాలి. తరవాత ఆవిరి మీద ఉడికించిన బియ్యప్పిండి పిట్టు, కొబ్బరిపాల పులుసు, ఎండుచేప పచ్చడి. మేం పిట్టు చక్కెరతో తింటాం, వీళ్ళు పులుసుతో తింటారు. వెంకటేశు మూడోసారి పెట్టించుకుని, "దినామూ తింటే తప్పేముంది బావా" అన్నాడు.

తిన్నాక ఆమె మనసు గెలుచుకుందామని తిరువళ్ళూరు టీకొట్టు ఉపన్యాసం మళ్ళీ ఎత్తుకున్నాను. పెద్ద దేశాలు ఇలా చేశాయమ్మా, అలా చేశాయమ్మా అని. ఆమె మొత్తం విని, పళ్ళేలు తీస్తూ అంది:

"మీరు చెప్పే దేశాలేవీ నేను చూడలేదు ఐయా. మా ఊళ్ళో నేను కళ్ళతో చూసిన పెద్ద దేశం మీదే. మీ జవాన్లు తుపాకులు పట్టుకుని మా వాకిట్లో నిలబడ్డారు. తరవాత పడవ దిగిన రోజు నా కూతురికి మొదటి ముద్ద పెట్టినావిడా మీ దేశం మనిషే. ఎవర్ని తిట్టమంటారు?"

ఇన్నేళ్ళుగా పేపర్లు చదువుతున్నాను. ఆ దీవికి మనమే పెద్ద దేశమన్న సంగతి నా తలకెక్కలేదు. ఆ మాట అక్కడ వదిలి, వచ్చిన పనిలోకి దిగాను. పళ్ళెం ఆమె ముందు పెట్టి, మా వంశంలో మగపెళ్ళివారు అనగలిగిన మాటల్లోకెల్లా గొప్ప మాట అన్నాను.

"మాకు బంగారం వద్దు తల్లీ, సామాను వద్దు. పిల్లని కట్టుబట్టలతో పంపించండి, చాలు."

ఆ మాటకి మా ఊళ్ళో ఆడపెళ్ళివారు కళ్ళొత్తుకుంటారు, చేతులు పట్టుకుంటారు. పరమేశ్వరమ్మ లేచి నిలబడింది. పళ్ళేన్ని రెండు చేతులతో, మెల్లిగా, నా వైపు జరిపింది.

"నేను కట్టుబట్టలతో వచ్చాను ఐయా. నా వేలు పట్టుకుని నా కూతురూ కట్టుబట్టలతో వచ్చింది. ఇప్పుడు దాని కూతుర్ని కట్టుబట్టలతో పంపమంటున్నారు. మా ఇంటి ఆడపిల్ల ఇంకా ఎన్నిసార్లు అట్లా బయల్దేరాలి?"

లోపలికి వెళ్ళిపోయింది. సగం నీలం తలుపు మూసుకుంది.

తర్శిని మమ్మల్ని గేటుదాకా సాగనంపింది. పిల్ల ఏడవలేదు. వాళ్ళ వైపు పద్ధతేమిటో నడుస్తూ చెప్పింది.

"మా ఊరి పక్క పిల్లకి ఇల్లిచ్చి పెళ్ళి చేస్తారు తాతా. పిల్ల అత్తారింటికి పోదు, అల్లుడే పిల్ల ఇంటికొస్తాడు. ఆ ఇల్లు అమ్మమ్మకి వాళ్ళమ్మ ఇచ్చింది. అమ్మమ్మ మా అమ్మకివ్వాల్సింది, అమ్మ నాకివ్వాల్సింది. తిరుకోణమలై రేవుకి ఎదురుగా ఉండేదంట. ఇప్పుడు ఆ నేల చుట్టూ అక్కడి సర్కారువాళ్ళు ముళ్ళకంచె వేసి పెట్టినారు, ఎవర్నీ పోనివ్వరు. ఇల్లు లేకుండా నన్నివ్వడమంటే నన్ను వదిలించుకున్నట్టని అమ్మమ్మ బాధ."

"మరి మురళి?"

"ఆయన మంచోడే తాతా. కానీ నాకు అమ్మమ్మ ఒక్కతే ఉండాది."

ఆరణి

వెనక్కి, ఆ ఏటి ఒడ్డునే ఉన్న ఆరణి ఊరికి వచ్చి వెంకటేశు చిన్నాయన కొడుకింట్లో దిగాం. చేనేత ఇల్లు. ముందుగది నిండా మగ్గమే. అయినా వాళ్ళు తాము వసారాలోకి జరిగి మాకు చోటిచ్చారు. ఆ ఇల్లాలు వేడి రసం పోసి, సంగతి విని, "అయ్యో, మంచి మాటే కదప్పా అన్యావు" అంది. మా వాళ్ళెవరైనా అంతే అంటారు. తప్పు మాటలో లేదు, విన్న చెవి పడ్డ కష్టంలో ఉంది. అది తెలుసుకోకుండా అన్న నోరు నాది.

"బావా, మన పళ్ళిపట్టు ఇల్లు పిల్ల పేరున రాసిద్దామా?" అన్నాడు వెంకటేశు. వాడికి అరటిపళ్ళ మీద కూర్చునే బుద్ధే గానీ మనసు పెద్దది.

"మనమిస్తే అది వాళ్ళిచ్చినట్టెట్లా అవుతాదిరా?"

వాడు తల గోక్కుని పడుకున్నాడు.

నేను పొద్దున లేచి, మగ్గం పక్కన కూర్చుని, ఒక సంగతి వద్ద ఆగిపోయాను. కంచె వేసినవాళ్ళు ఇల్లు తీసుకున్నారు. నిజమే. ఆమె మాత్రం ఎవరికీ ఇవ్వలేదు కదా.

మళ్ళీ శిబిరం

ఈసారి అదే పళ్ళెం, వాడిన పూలు, మేరీ ఏరిన నాలుగు పళ్ళు. పరమేశ్వరమ్మ తలుపు తీసింది, రమ్మనలేదు. నేను గడప బయటే నేల మీద కూర్చున్నాను. పక్కింటామె పీట తెచ్చి నా కిందికి తోసింది.

"నిన్న తెలియక అన్నానమ్మా. ఇవాళ మీ పద్ధతిలో అడగడానికొచ్చాను. పిల్లకి ఇల్లిచ్చి పెళ్ళి చెయ్యండి."

"ఎక్కడుంది ఐయా ఇల్లు?"

"తిరుకోణమలైలో ఉంది. ఆ ఇల్లే ఇవ్వండి."

"ముళ్ళకంచెలో ఉన్నదాన్నా? అసలు గోడలున్నాయో లేవో."

"కంచె వాళ్ళది, ఇల్లు మీది. మీరు అమ్మారా? ఎవరికైనా ఇచ్చారా? లేదు కదా. మీ చేతిలోది ఇంకా మీ చేతిలోనే ఉంది. ఎవరెవరో పెద్దవాళ్ళు ఎక్కడో కూర్చుని మీ నేల వాళ్ళకీ వీళ్ళకీ పంచుకుంటున్నారు. మీ నేల మీ మనవరాలికివ్వడానికి మీకు ఎవడి సంతకం కావాలి? నలుగురి ముందు నోటితో ఇవ్వండి. మా మురళి ఆ ఇంటి అల్లుడని మా వాళ్ళందరికీ నేను చెప్తాను. ఆ ఇల్లు చేతికొచ్చేదాకా పిల్లా మొగుడూ మా ఇంట్లో ఉంటారు. ఉండటానికి, అంతే. ఇల్లు మాత్రం ఆమెదే."

పక్కింటామె ముక్కు చీదింది. పరమేశ్వరమ్మ నా వంక చూడలేదు. నా తల మీదుగా ఎక్కడో దూరంగా చూసింది. అటువైపు నాకు కనిపించింది నీళ్ళ ట్యాంకు ఒక్కటే.

తరవాత లోపలికి వెళ్ళి టీ తెచ్చింది, తాటిబెల్లం తెచ్చింది. మేం తాగాం. సరే అనలేదు, వద్దనలేదు. పళ్ళేన్ని ముట్టుకోలేదు, వెనక్కీ తొయ్యలేదు. మురళికీ రెండుసార్లు ఇలాగే జరిగిందని గుర్తొచ్చింది. పళ్ళెం అక్కడే వదిలి వచ్చేశాం.

తిరుగు దారి

రైల్లో వెంకటేశు కిటికీకి ఆనుకుని నిద్రపోయాడు. నాకు మాత్రం ఒక్కొక్కరూ గుర్తొస్తున్నారు. ఊరకే మూర పూలిచ్చినామె, నవ్వి పళ్ళు ఏరిచ్చిన మేరీ, నా కోపాన్ని టీ డబ్బులతో భరించిన రైల్వే ఆయన, మగ్గం పక్కన చాప పరిచిన ఆరణి ఇల్లాలు, పీట తోసిన పక్కింటామె. వీళ్ళలో ఎక్కువమందికి నేనెవరో తెలియదు. పెద్ద దేశాల మీద నాకున్న కోపం తగ్గలేదు, తగ్గదు కూడా. కానీ ఇంటి నుంచి ఆ కోపం ఒక్కటే మోసుకుని బయల్దేరినవాణ్ణి, వచ్చేటప్పుడు ఇంతమందికి రుణపడి వచ్చాను. ఈ రాత వాళ్ళకు దణ్ణం.

తిరుత్తణి బస్టాండులో పళ్ళిపట్టు బస్సు కోసం నిలబడి ఉండగా వెంకటేశు ఫోన్ మోగింది. తర్శిని నంబరు. "తాతా, అమ్మమ్మ మాట్లాడతాదంట" అంది. బస్సుల హారన్ల మధ్య వినపడక వెంకటేశు స్పీకరు పెట్టాడు. పక్కనున్న జనం కూడా మా వైపు తిరిగారు. పరమేశ్వరమ్మ కాస్త గట్టిగా, ఆగి ఆగి, అప్పజెబుతున్నట్టు చెప్పింది:

"ఐయా, ఇల్లిచ్చాను. శిబిరంలో పెద్దవాళ్ళని పిలిచి నలుగురి ముందే ఇచ్చాను. నా మనవరాలికిచ్చాను, మీ మనవడికి కాదు, అది గుర్తుండాలి. వెనక బావి ఉంది, సముద్రం పక్కనే అయినా నీళ్ళు తియ్యగా ఉంటాయి. రెండు గదులూ, వంటిల్లూ తూర్పు మొహం. కప్పు మాత్రం మేం ఉండగానే కాలిపోయింది. అది అల్లుడే వేయించుకోవాలి."